అంకెలకు పద్యము కట్టిన పావులూరి మల్లన

తెలుగు సాహిత్యచరిత్ర చదివిన విద్యార్థికి పావులూరి మల్లన పేరు తెలియకుండదు. కాని ఆ తెలియుట ఒక్క వాక్యముతో ముగియును. నన్నయ భారతరచనను గూర్చి పుటలకొలది చదివిన పిమ్మట, గణితమును తెనిగించిన మల్లన యనువాడు మరొకడు కలడని ఒక పంక్తి కనబడును; పాఠము ముందునకు సాగిపోవును. సాహిత్యము చెప్పువారు అతడు గణితజ్ఞుడని విడిచిరి. గణితము చెప్పువారు అతడు కవియని విడిచిరి. రెండిండ్ల చుట్టమునకు ఏ యింటను విస్తరి వేయనట్లు, ఏ పాఠములోను కడుపునిండ చోటు దొరకని వాడు మల్లన.

అతని యింటిపేరుగా నిలిచిన పావులూరు నేటికిని ఆ పేరుతోనే ఇంకొల్లు చెంతనున్నది. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోను, 1970 తరువాత ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. మల్లన కాలమున జిల్లాలు లేవు, నాడులుండెను. శాసనములలో కమ్మరాష్ట్రమనియు కర్మరాష్ట్రమనియు కనబడు కమ్మనాటిలోని పావులూరికి తాను ప్రభువునని మల్లన గ్రంథాదిని చెప్పుకొనెను. నల్లరేగడి నేల అది. ఈనాడు ఆ దారిని పోవువానికి ఒక వంక తెల్లని ప్రత్తి, ఒక వంక కళ్లములలో ఆరబోసిన ఎఱ్ఱని మిరప కన్నులకు కట్టును. మల్లన ఆ నేలమీద ప్రత్తిని చూచియుండవచ్చును గాని మిరపను చూచియుండడు. అమెరికా ఖండమున పుట్టిన ఆ పంట పోర్చుగీసువారి ఓడలలో వచ్చి మన వంటిండ్లు చొచ్చుటకు అప్పటికింకను నాలుగు వందల యేండ్లు పట్టినది. అతని నాటి కారము మిరియపు కారమే.

మల్లన జీవితమును గూర్చి మనకు దక్కినది స్వల్పము. దక్కిన ఆ స్వల్పములోనే ఒక చిక్కుముడి కలదు. వేంగిని పాలించిన చాళుక్య రాజరాజనరేంద్రుడు పిఠాపురము దగ్గరి నవఖండవాడ యను గ్రామమును మల్లన యనువానికి దానమిచ్చెను. ఆ రాజు 1022 ప్రాంతమున సింహాసనమెక్కి 1061 వరకు రాజ్యము చేసినవాడు. నన్నయచేత భారతమును వ్రాయించినవాడు. దానము పుచ్చుకొన్న మల్లనయే గణితకర్త యైనచో అతడు నన్నయకు సమకాలికుడగును. తెలుగున తొలి కావ్యమును తొలి శాస్త్రగ్రంథమును ఒకే కొలువు నీడన పుట్టినవని చెప్పుకొనవచ్చును. పలువురు సాహిత్యచరిత్రకారులు అట్లే చెప్పిరి. కాని కవి తాతపేరు కూడ మల్లనయే. తండ్రి శివన్న. తాతపేరు మనుమనికి పెట్టుట తెలుగు ఇండ్లలో నేటికిని నడచుచున్న ఆచారము; ఆ ఆచారమే ఇచ్చట పండితులను రెండు పక్షములుగా చీల్చినది. గ్రామము తాతకు దక్కినదనియు, గ్రంథము మనుమడు వ్రాసెననియు అనుటయే అవతారికకు చక్కగ పొసగు అర్థము. అట్లయినచో కవి కాలము పదునొకండవ శతాబ్ది చివరకో పండ్రెండవ శతాబ్ది మొదటికో దిగును. నన్నయకు సమకాలికుడు కాకపోయినంత మాత్రమున అతని గౌరవమునకు వచ్చిన లోటేమియు లేదు. భాస్కరాచార్యుడు లీలావతిని వ్రాసినది 1150 లో. ఐరోపావారికి హిందూ అంకెలతో లెక్కలు నేర్పిన పీసా నగరపు లియొనార్డో తన గ్రంథమును ముగించినది 1202 లో. తెలుగువాడు తన భాషలో లెక్కలు చదువుకొనుటకు ఆ రెంటికొరకును కాచుకొనియుండలేదు.

గ్రామప్రభువునకు గణితముతో పనియేమని అడుగవచ్చును. నిజమునకు గణితముతో అంతటి పని మరొకనికి లేదు. పొలము కొలువవలెను. చెరువు త్రవ్వించినచో ఎంత మన్ను తీసిరో తేల్చి కూలి లెక్క కట్టవలెను. గాదెలోని ధాన్యపు రాశిని కన్నుచూపుతో గాక కొలతతో చెప్పవలెను. అప్పులకు వడ్డి, కలిసి వర్తకము చేసినవారికి లాభపు వాటా, వేర్వేరు వన్నెల బంగారము కరగించి కలిపినపుడు వచ్చు వన్నె, ఇవన్నియు తగవులకు మూలములు. తగవు తీర్చవలసినవాడు ఊరి పెద్ద. కమ్మనాటి తీరముననే, పావులూరికి కొలది ఆమడల దూరమున, తరువాతి కాలమున మోటుపల్లి రేవు విదేశ వర్తకులతో కిటకిటలాడినది. అట్టి సీమలో లెక్క తెలియని ప్రభువు కరణమునకు లోకువ.

మల్లన ఎన్నుకొన్న మూలగ్రంథము సామాన్యమైనది కాదు. రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్షుని కాలమున, క్రీ.శ. 850 ప్రాంతమున, కన్నడదేశపు జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. అంతకు ముందు మన దేశమున గణితము జ్యోతిషగ్రంథములలో ఒక అధ్యాయముగా ఒదిగి యుండెడిది. గ్రహముల నడక తెలియుటకు కావలసినంత లెక్క చెప్పి ఊరకుండెడివారు. మహావీరుడు గణితమును జ్యోతిషము నుండి వేరుచేసి, దానికై యొక గ్రంథమును నిర్మించెను. పరిభాష, పరికర్మలు, భిన్నములు, ప్రకీర్ణము, త్రైరాశికము, మిశ్రము, క్షేత్రము, ఖాతము, ఛాయ అని విభజించి, సూత్రము చెప్పి, వెంటనే ఉదాహరణముగా చిక్కు లెక్కలు ఇచ్చుట అతని పద్ధతి.

ఆ చిక్కు లెక్కలే ఈ గ్రంథమునకు ప్రాణము. ముగ్గురు వర్తకులు దారిలో ఒక ధనపు సంచిని చూచిరి. అది తనకు దొరికినచో తన సొత్తు తక్కిన యిద్దరి సొత్తునకు రెట్టింపగునని మొదటివాడు చెప్పెను. తనకు దొరికినచో మూడు రెట్లగునని రెండవవాడు, ఐదు రెట్లగునని మూడవవాడు చెప్పిరి. ఎవరి యొద్ద ఎంత యున్నది, సంచిలో ఎంత యున్నది? మూడు మాటలు, నాలుగు తెలియని మొత్తములు; చూచుటకు తెగని లెక్క. చిన్న సంఖ్యలలో వెదకినచో వారి యొద్ద వరుసగా 1, 3, 5 నాణెములును సంచిలో 15 నాణెములును ఉన్నవని తేలును. లియొనార్డో గ్రంథమునను ఇట్టి సంచి లెక్కలు కనబడుట విశేషము. మరియొక లెక్కలో 63 సమానమైన అరటిపండ్ల కుప్పలును మీద 7 పండ్లును ఉన్నవి. వానిని 23 మంది బాటసారులు మిగులకుండ సమముగా పంచుకొనిరి. కుప్పకు ఎన్ని పండ్లు? కుప్పకు 5 చొప్పున 322 పండ్లు, ఒక్కొక్కనికి 14. ఇట్టి లెక్కను తరగతిలో చెప్పి చూడుడు. పద్దులు వ్రాయుమన్నపుడు ఆవులించు పిల్లవాడు అరటిపండ్లనగానే మేల్కొనును.

ఈ మూలమును తెలుగు చేయుటకు పూనుకొన్న మల్లన తన గ్రంథమునకు సారసంగ్రహగణితమని పేరుంచెను. లోకము ఆ పేరు పలుకక పావులూరి గణితమనియే పిలిచినది; పుస్తకమునకు ఊరి పేరు రావలెనన్న, ఆ పుస్తకము చేతులు మారి చాల తిరిగి యుండవలెను. అతడు మక్కికి మక్కి తెనిగించినవాడు కాడు. మూలకర్త జైనుడు, లెక్కలలో పూవులు లెక్కించునది జినపూజకొరకు. మల్లన శివభక్తుడు. పూవుల సంఖ్య చెడకుండ పూజలందు దేవుని మార్చెను. దీనిని చౌర్యమనియో మతద్వేషమనియో చెప్పువారు పొరబడుదురు. లెక్క చదువువాని ఇంటి దేవుడు లెక్కలో కనబడవలెనను ఉపాధ్యాయదృష్టియే అందుకు కారణముగ తోచును. సూత్రములను జైనుని యొద్ద తీసికొనుటకు ఆ శైవుడు వెనుదీయలేదను మాట గుర్తుంచుకొనదగినది.

మహావీరుడు హారములని పేరుపెట్టిన గుణకారములపై మల్లనకు మక్కువ మెండు. రెండు సంఖ్యలను హెచ్చవేయగా వచ్చు ఫలము, ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒకటిగా నుండి, పూసలు గ్రుచ్చిన దండవలె అమరుట వీని లక్షణము. 139 ని 109 చే హెచ్చవేసిన 15151 వచ్చును. 12345679 ని 9 చే హెచ్చవేసిన తొమ్మిది ఒకట్లు వరుసకట్టును. 142857143 ని 7 చే హెచ్చవేసిన రెండు కొసల ఒకట్లు, నడుమ ఎనిమిది సున్నలు. 27994681 ని 441 చే హెచ్చవేసినపుడు వచ్చు 12345654321 నిజముగా నడుమ పతకము గల హారమే. మూలములోని వానితో తృప్తి చెందక మల్లన తాను మరికొన్ని దండలు గ్రుచ్చెను. ఇవి బజారులో పనికివచ్చు లెక్కలు కావు. వానిని చేయువాడు చేతి పొరపాటును తానే పట్టుకొనగలడు. పూస వరుస తప్పినచో దండయే చెప్పును. పలక దిద్దు గురువునకు ఇంతకంటె కావలసినదేమి?

ఈ స్వయంపరీక్షయే నేటి పిల్లల అరచేతి ఆటలలోను ఆకర్షణ. 1978 లో అమెరికాలో మెర్లిన్ అను ఎలక్ట్రానిక్ ఆటవస్తువు వెలువడినది. చేతిలో ఇముడు ఆ పెట్టెకు 11 మీటలు, ప్రతి మీటలోను ఒక చిన్న దీపము. అందులో ఆరు ఆటలు. ఒక ఆటలో పెట్టె వినిపించిన స్వరముల వరుసను జ్ఞాపకముంచుకొని మరల మీటవలెను. మరియొక ఆటలో అది దాచిన అంకెలను ఊహించి పట్టవలెను. వేరొక ఆటలో తొమ్మిది మీటలు చదరముగా నిలుచును. ఒక మీట నొక్కినచో దాని దీపముతో పాటు కొన్ని పొరుగు దీపములును వెలుగుచున్నవి ఆరును, ఆరినవి వెలుగును. నడిమి దీపము తప్ప చుట్టునున్న యెనిమిదియు వెలుగునట్లు చేసినచో గెలుపు. తప్పినవానిని గద్దించువారు లేరు. మరల మొదలు పెట్టవచ్చును. తరువాత వచ్చిన అరచేతి ఆటలు వందలకొలది చిక్కులను ఒక్క పెట్టెలో ఇమిడ్చినవి. ఒక దాని తరువాత ఒకటిగా చిక్కులు విసరి, విప్పిన సంతోషమునే బహుమతిగా నిచ్చు ఈ క్రీడకు పావులూరి గణితము తాళపత్రములపై నిలిచిన పూర్వరూపము. దానికి విద్యుత్తు అక్కరలేదు. పద్యము నోటికి వచ్చిన చాలును.

తొమ్మిది దీపముల ఆటలో ఎన్ని రూపములు ఏర్పడగలవో లెక్కించుట తేలిక. ఒక దీపమునకు రెండు స్థితులు, వెలుగుట, ఆరుట. రెండు దీపములకు నాలుగు, మూటికి ఎనిమిది. దీపము పెరిగినపుడెల్ల రూపములు రెట్టింపగును, తొమ్మిదింటికి 512. ఈ రెట్టింపు నడకయే మల్లన పేర తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధికెక్కిన పద్యమునకు వస్తువు. చదరంగపు బల్లలో మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్ళను నింపినచో మొత్తమెంత? రాజును బహుమానమడిగిన పండితుని కథగా ఇది అరబ్బు దేశములలోను చెప్పబడినది. లియొనార్డో కూడ ఈ లెక్కను చేసెను. ఉత్తరము ఇరువది అంకెల సంఖ్య: 18446744073709551615. సెకనుకొక గింజ చొప్పున లెక్కించినను ముగియుటకు సుమారు 58 వేల కోట్ల సంవత్సరములు పట్టును.

ఇరువది అంకెలను తప్పు లేక చెప్పుటయే కష్టము. ఆ పద్యము వానిని ఒక్క చంపకమాలలో, సగము దాటిన కొలదిసేపటికే ముగించి, మిగిలిన చోట అది దేని లెక్కయో చెప్పును. ఇందుకు సాధనము సంఖ్యలకు బదులుగా వస్తువుల పేర్లను వాడు ప్రాచీన సంకేతము. చంద్రుడొక్కడు గనుక చంద్రుడనగా 1. అగ్నులు మూడు. సముద్రములు, వేదములు, బ్రహ్మముఖములు నాలుగేసి. మన్మథుని బాణములు ఐదు, తర్కములు ఆరు, కులపర్వతములు ఏడు, దిగ్గజములు ఎనిమిది, దేహమునందలి రంధ్రములు తొమ్మిది. ఆకాశము సున్న. అంకెలను ఒకట్ల స్థానమునుండి మొదలిడి ఎడమవైపునకు పేర్చుకొనుచు పోవలెను.

సంఖ్యను ఎదుట పెట్టుకొని కవి చేసిన పని చూడుడు. అందులో 4 నాలుగు మారులు వచ్చినది. నాలుగు మారులును వేర్వేరు మాటలు. 7 మూడు మారులు, మూడు పర్వతవాచకములు. 1 మూడు మారులు. చంద్రునికి మూడు పేర్లు. సున్న రెండు మారులు. ఆకాశమునకు రెండు పేర్లు. చంపకమాలలో గురులఘువులు ఎచ్చట పడవలెనో ముందే నిర్ణయమై యున్నది. అంకెల వరుసయు ముందే నిర్ణయమై యున్నది. రెండు కట్టుబాట్లకు నడుమ కవికి మిగిలిన స్వేచ్ఛ పర్యాయపదము నెన్నుకొనుట మాత్రమే. ఆ యిరుకు సందులో పద్యము తొట్రుపడక నడచినది. సమస్యాపూరణమునకు చప్పట్లు కొట్టు మనము దీనిని కవిత్వము కాదని పక్కన పెట్టుట ఏమి న్యాయము?

ఇందు మరియొక ప్రయోజనము కలదు. అంకెలు వ్రాసిన తాటియాకులో లేఖకుడు 6 ను 9 గా మార్చినచో కనిపెట్టు దారి లేదు. పద్యములో మాట మారినచో గణము తప్పును, లేదా అర్థము చెడును. ఛందస్సు లెక్కకు కావలి కాచినది. ఒక విద్యార్థి తానుగా పరీక్షింపదలచినను దారి కలదు. రెండును రెట్టించుచు పోయినపుడు ఒకట్ల స్థానమున 2, 4, 8, 6 వరుసగా తిరుగుచుండును. అరువదినాలుగు మారులు రెట్టించినపుడు ఆ స్థానమున 6 ఉండును. గింజల మొత్తము అంతకు ఒకటి తక్కువ గనుక 5. పద్యమున మొట్టమొదటి మాట బాణమునకు పేరు. సరిపోయినది.

నేటి ఎలక్ట్రానిక్ యంత్రముల కడుపులోను సంఖ్యలు వెలిగిన దీపములు, ఆరిన దీపములవలె, ఒకటి సున్నల వరుసలుగానే నిలుచును. అరువదినాలుగు స్థానములు గల యంత్రములు ఇప్పుడు సామాన్యము. పిల్లల చేతి ఫోనులు పెక్కింటిలో నున్నవి అవియే. ఋణసంఖ్యలకు చోటీయక ఆ అరువదినాలుగు స్థానములను ఒకట్లతో నింపినచో వచ్చునది ఆ వరుసలో ఇముడు మిక్కిలి పెద్ద సంఖ్య. అది సరిగా మల్లన చదరంగపు సంఖ్యయే. అంకె అయినను తేడా లేదు. గుణింతములు దిద్దు పిల్లవాని యరచేతిలో నున్న ఆటపెట్టె ఎచ్చట ఆగిపోవునో, అచ్చటివరకు చంపకమాల నడచి వచ్చినది.

మల్లన పూనిక ఎంత కష్టమైనదో తెలియవలెనన్న ఆనాటి తెలుగును తలచుకొనవలెను. కథ చెప్పుటకు భాష అప్పుడప్పుడే సిద్ధమగుచుండెను. భారతము తెనిగించువానికి కథాబలము తోడుండును; వినువారికి పాండవులు ముందే తెలిసినవారు. భాగహారమును, వర్గమూలమును పద్యమున చెప్పువానికి ఏ కథయు తోడురాదు. ఒక మాట ఎక్కువైన సూత్రము మసకబారును, తక్కువైన ఫలము తప్పును. సంస్కృత పరిభాషను పూర్తిగ విడువలేడు; విడువకున్న ఊరివానికి అర్థము కాదు. మల్లన పరిభాషను సంస్కృతముననే నిలిపి, వ్యవహారమును తెలుగున నడపెను. శాస్త్రమును మాతృభాషలో చెప్పవచ్చునా యను వాదము మన కళాశాలలలో నిన్న మొన్నటి దాకా సాగినది, నేడును సాగుచున్నది. ఆ వాదమునకు దిగువారు ఇరుపక్షములవారును ఈ గ్రంథమును చదివినట్లు కనబడదు.

అతని తరువాత ఎలుగంటి పెద్దన లీలావతిని అనుసరించి ప్రకీర్ణగణితమును తెనిగించెను. ఆ దారి మల్లన వేసినదే. పావులూరి గణితపు తాళపత్ర ప్రతులు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారములకు చేరి నిలిచినవి. ఒకరినుండి యొకరు ఎత్తి వ్రాసికొన్న జాడలు అవి. మూలమైన మహావీరుని గ్రంథము 1912 లో మద్రాసున ఎం. రంగాచార్యగారి ఇంగ్లీషు అనువాదముతో అచ్చుపడి, ప్రపంచమునందలి గణితచరిత్రకారుల దృష్టికి వచ్చినది. తెలుగు గ్రంథము మరి నలువదియేండ్లు కాచుకొనవలసి వచ్చినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని పరిష్కరించుటకు పూనుకొనిరి. తాళపత్రములలో చెదరిన అంకెలను సరిచూచుట పద్యము సవరించుటకంటె కష్టమైన పని. సవరించిన ప్రతి లెక్కను మరల చేసి చూడవలెను. శాస్త్రిగారు 1950 లో గతించిరి. మొదటి భాగము 1952 లో తిరుపతినుండి వెలువడినది.